అత్తగారి గంగాళంలో పగడం

పెళ్ళయిన నాటి నుంచి మా అత్తగారు నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగరు. ఆమె పెరిగిన పద్ధతిలో అల్లుడికి ఇచ్చే మర్యాద అది. అల్లుడు హాల్లోకి వస్తే ఆమె లేచి నిలబడాలి. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోకూడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కూతురి చేత చెప్పించాలి. మామగారు పోయాక ఆమె మైలాపూరులో ఉన్న మా ఫ్లాటుకి వచ్చేశారు. ఇల్లరికపు అల్లుళ్ళ గురించి మనవాళ్ళు చాలా చెప్పారు గాని, అల్లుడింటికి వచ్చి ఉండే అత్తగారు ఎలా మసలుకోవాలో ఎవరూ చెప్పిపోలేదు. రెండు పడకగదుల ఫ్లాటులో తలుపు చాటు అనేది ఎంతని దొరుకుతుంది? నేను ఆఫీసు నుంచి రాగానే ఆమె గబగబా వంటింట్లోకి వెళ్ళేవారు. నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే ఆమె బాల్కనీలోకి తప్పుకునేవారు. మా ఇద్దరి మధ్య తపాలా మోయలేక మా ఆవిడ విసిగిపోయేది.

ఆ చిక్కు విప్పింది నా చేపల తొట్టి.

తొట్టి అనగానే ప్లాస్టిక్ మొక్కలు, గోల్డ్ ఫిష్‌లు అనుకోకండి. నాది సముద్రపు నీటి తొట్టి. కూతవేటు దూరంలో అంత సముద్రం ఉండగా ఇంట్లో మళ్ళీ ఇంకొకటి ఎందుకని మా ఆవిడ అడగని ఏడాది లేదు. ఉప్పునీళ్ళు, తెల్లటి ఇసుక, సందు సందునా ప్రాణం ఉన్న రాళ్ళు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపల జంట, ఆ చేపల ఒళ్ళు శుభ్రం చేసి పెట్టే ఒక ఎర్ర రొయ్య. వీటన్నిటి మధ్యలో ఒక మెత్తటి పగడం. ఉంగరంలో పొదిగే పగడం సంగతి మరిచిపోండి, ఇది బతికున్న జీవి. లెదర్ కోరల్ అంటారు. తిరువొత్తియూరులో ఉండే నా స్నేహితుడు తన తొట్టిలో ఉన్న పెద్దదాన్నుంచి బొటనవేలంత ముక్క కోసి ఇచ్చాడు. ఏళ్ళ తరబడి అది నా దగ్గర పెరిగి పెరిగి టిఫిను ప్లేటంత అయింది. పొద్దున లైటు వెలగగానే దాని మీద సన్నటి వేళ్ళు వందలుగా విచ్చుకుని నీటితో పాటు ఊగుతాయి. మా అత్తగారు దానికి గొడుగు అని పేరు పెట్టారు.

నేను కోపిష్టి మనిషిని. ఆ మాట నేను చెప్పుకోవాల్సిన పని లేదు, మా వీధిలో ఆటోవాళ్ళని అడిగినా చెబుతారు. షోళింగనల్లూరులో ఆఫీసు. ఆ రోడ్డు మీద పోయి వచ్చేసరికి ప్రపంచంలో సగం మందిని మనసులో నరికి పోగులు పెట్టి ఉంటాను. ఇంటికి వచ్చి ఆ గొడుగు ముందు కాసేపు కూర్చుంటే అందరినీ మళ్ళీ బతికించేవాణ్ణి. డాక్టరు ఇచ్చిన బీపీ మాత్ర కంటే నాకు దాని మీదే గురి ఎక్కువ.

మాది శాకాహారుల ఇల్లు. మొదట్లో అత్తగారు ఆ తొట్టిని ముక్కు మూసుకుని దాటేవారు. కానీ ఆమె దాటిన ప్రతిసారీ చేపలు రెండూ పరిగెత్తుకుంటూ అద్దం దగ్గరికి వచ్చేవి. తిండి పెట్టేవాళ్ళెవరో, ముక్కు మూసుకునేవాళ్ళెవరో వాటికేం తెలుసు? అంత ఆశగా ఎదురొచ్చే ప్రాణుల్ని చూస్తూ చూస్తూ ఎవరు మాత్రం ఎన్నాళ్ళు బింకంగా ఉండగలరు? ఒకరోజు నేను సోఫాలో పేపరు చదువుకుంటున్నాను. అత్తగారు తొట్టి ముందు నిలబడి చేపలతో అంటున్నారు.

"ఏమయ్యా, మీ అయ్యగారి కాఫీ ఆడ చల్లారిపోతా ఉండాది. రవ్వంత చెప్పకూడదా?"

నేను కాఫీ అందుకుని తాగేశాను. గ్లాసు కింద పెట్టి, నేనూ చేపలతోనే అన్నాను, "కాఫీ బ్రహ్మాండంగా ఉండాదని చెప్పండర్రా."

ఆ రోజు నుంచి మా ఇంట్లో తపాలా తొట్టిగుండా నడిచింది. "మీ అయ్యగారు గొడుగు తీసుకోకుండా పోతా ఉండారు, మబ్బు పట్టింది చూడండి." "రేపు పచ్చి అరిటికాయ చెయ్యమంటారేమో అడగండి." ఆమె వాటితో చెప్పేవారు, నేను వాటితో జవాబు చెప్పేవాణ్ణి. చూసినవాళ్ళకి పిచ్చివాళ్ళ ఇల్లు అనిపించి ఉండొచ్చు. నాకు మాత్రం ఆ మాటలు ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

తొట్టి కింద ఉన్న స్టాండు పాడైపోయిందని మొదట కనిపెట్టింది కూడా అత్తగారే. చేపలకి ఫిర్యాదు చేశారు.

"ఇదేందయ్యా, మీ నీళ్ళు ఒక పక్కకి ఒరిగినాయి? ఈ పక్క అంచుకి ఆనుకోనుండాయి, ఆ పక్క కిందికి దిగినాయి. మీ అయ్యగారు చూసినారో లేదో."

చూడలేదు. పెనం మీద నూనె ఏ పక్కకి జారుతుందో చూసే కళ్ళు ఆమెవి. నేను వంగి స్టాండు తలుపు తీసి టార్చి వేశాను. ఏళ్ళ తరబడి బొట్టు బొట్టుగా కారిన ఉప్పునీళ్ళు తాగి తాగి వెనక కాలు ఉబ్బిపోయింది. ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చి, గోరు పెడితే మడత కాజా లాగా రాలుతోంది. దాని మీద మనుషులు పది మంది కలిసినా ఎత్తలేనంత బరువు నిలబడి ఉంది.

తిరువొత్తియూరు స్నేహితుణ్ణి పిలిచాను. అతను అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాకంటే చాలా ముందు నుంచి ఈ పిచ్చిలో ఉన్నవాడు. వచ్చి, చుట్టూ తిరిగి చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇది స్టాండు మీద నిలబడలా, మీ అత్తగారి పూజల మీద నిలబడి ఉండాది."

కొత్త స్టాండు చేయించడం పెద్ద పనేం కాదు. దాని మీదికి ఈ కాపురాన్ని ఎక్కించడమే పెద్ద పని. కొత్త తొట్టి అయితే అద్దాల పెట్టె, అంతే. పాత తొట్టి అలా కాదు. రాళ్ళలోనూ ఇసుకలోనూ కంటికి కనపడని ప్రాణులు కోట్ల లెక్కన స్థిరపడి ఉంటాయి. చేపలు వదిలిన మురికిని శుభ్రం చేసేవి అవే. అవి చచ్చాయంటే ఆ వెనకే అన్నీ చస్తాయి. స్నేహితుడు సోఫాలో కూర్చుని నాకు పాఠం చెప్పాడు.

"నీళ్ళతో తొట్టిని జరిపినావంటే అతుకులు విడిపోతాయి. ఇసక కెలికినావంటే అడుగున ఊరి ఉండే విషం పైకి లేస్తాది. అన్నీ బయటికి తియ్యాల, వేరు వేరుగా పెట్టాల, ఏదీ ఎండకూడదు, ఏదీ వేడెక్కకూడదు. ఖాళీ తొట్టి ఎత్తి కొత్త దాని మీద పెట్టాల. మళ్ళీ అంతా లోపలికి పోవాల. అదంతా ఒక్క పూటలో అయిపోవాల."

"అవుతుందా?"

"అవుద్ది. నువ్వు అరవకుండా ఉంటే అవుద్ది."

వడ్రంగి నీళ్ళకి ఉబ్బని మెరైన్ ప్లైతో మంచి స్టాండు చేసి ఇచ్చాడు. ముందు రోజే నీలం డ్రమ్ములో ఫిల్టరు నీళ్ళు పట్టి, ఉప్పు కలిపి, పంపు వేసి తిప్పుతూ ఉంచాం. మిగిలింది పాత్రల సంగతి. రాళ్ళకి, చేపలకి, పగడానికి, పాత నీళ్ళకి, అన్నిటికీ వేరు వేరు పాత్రలు కావాలి. మద్రాసులో ఆ ఒక్కదానికి కరువు లేదు. నీళ్ళ లారీ వెనక పరుగెత్తిన వేసవులు ఈ ఊరివాళ్ళు మరిచిపోరు. ఏ ఇంట్లో చూసినా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉంటాయి. మా అపార్టుమెంటులో అందరూ అడగగానే ఇచ్చేశారు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు బిందెలు మెట్ల మీదంతా పరుచుకుని పెళ్ళివారి విడిదిలా ఉంది. "చేపలు జాగర్త సార్" అంటూ కింది వాటావాళ్ళు తమ డ్రమ్ము కూడా దొర్లించుకుంటూ తెచ్చారు. అంతకు ముందు నెలలోనే పార్కింగు గురించి వాళ్ళతో గొంతు చించుకుని పోట్లాడి ఉన్నాను. వాళ్ళు మరిచిపోయినట్టున్నారు, నేను సిగ్గుపడి డ్రమ్ము అందుకున్నాను.

హాలు మధ్యలో నిలబడి ఇంటిల్లిపాదికీ వినపడేలా చెప్పాను. "సబ్బు మొహం చూసిన పాత్ర ఒక్కటి కూడా దగ్గరికి రాకూడదు. ఒక్క చుక్క సబ్బు చాలు, అన్నీ పోతాయి." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది కాబట్టి అత్తగారు విన్నారని తెలిసింది. రెండో మాట నేను మా ఆవిడతో విడిగా చెప్పాను. లోహపు పాత్రలు అసలు వాడకూడదు, అందులోనూ రాగి. రాగి నీళ్ళు మనకి మంచివంటారు, పగడానికీ రొయ్యకీ అవి పచ్చి విషం. ప్లాస్టిక్ బిందెలే కొండలా పడి ఉండగా లోహం గోల ఎందుకొస్తుందిలే అని మా ఆవిడ ఆ మాట తన దగ్గరే ఉంచేసుకుంది. మా తపాలాలో ఆ ఒక్క కబురు మాత్రం అందాల్సిన చోటికి అందలేదు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. స్నేహితుడు పైపు పెట్టి తొట్టిలో తేరిన నీళ్ళు పైనుంచి పైనుంచే డ్రమ్ముల్లోకి దించాడు. నేను గొడుగుని దాని రాయితో సహా రెండు చేతుల్లో ఎత్తి, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నిండా నీళ్ళల్లో దించి, వంటింటి గుమ్మం పక్కన నీడలో పెట్టాను. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయికి చిన్నప్పుడు నీళ్ళు పోసిన టబ్బు అది. రాళ్ళు బిందెల్లోకి వెళ్ళాయి. చేపలూ రొయ్యా కింది వాటావాళ్ళ డ్రమ్ములోకి వెళ్ళాయి. గాలి పంపు బుడబుడమంటోంది. ఇసుక తోడడం మొదలుపెట్టగానే అడుగు నుంచి నల్లటి మురికి లేచి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా కొట్టింది. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని డ్రమ్ములో చేపలకి ధైర్యం చెబుతున్నారు. "ఇంకాసేపు ఓర్చుకోండి అప్పా. మీ అయ్యగారు కొత్త ఇల్లు కడతా ఉండారు."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా అరవలేదు, అది గమనించమని మా ఆవిడకి సైగ చేశాను.

ఖాళీ తొట్టిని నేను, స్నేహితుడు చెరో పక్కా పట్టుకుని ఎత్తాం. ఖాళీగా ఉన్నా నడుము విరిగే బరువే. మా ఆవిడ పాత స్టాండు పక్కకి లాగేసి, కొత్తది గోడకి జరిపి, దాని మీద పరవాల్సిన రబ్బరు షీటు సర్దుతోంది. షీటు సరిగ్గా పడలేదు. మళ్ళీ పరిచింది. మేము తొట్టిని గుండెలకి ఆనించుకుని చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాం. ఎట్టకేలకు దించాం. స్నేహితుడు రసమట్టం పెట్టి చూశాడు. ఒక మూల కింద సన్నటి బద్ద దూర్చి మళ్ళీ చూశాడు. సరిగ్గా కుదిరింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. మురికి పట్టిన పాత ఇసుక వదిలేసి, కొత్త ఇసుక పోసి, రాళ్ళు పేర్చి, నీళ్ళు నింపే పనిలో పడ్డాం. నీళ్ళు సగానికి వచ్చేసరికి, ఇక గొడుగుని తెద్దామని నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

టబ్బు ఖాళీగా ఉంది. నేలంతా నీళ్ళు. టబ్బు అడుగున వెంట్రుక మందాన బీట.

వంటింట్లోకి చూశాను. గట్టు మీద అత్తగారి రాగి గంగాళం ఉంది. కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అందులోనే ఆమె తాగే నీళ్ళు నిలవ ఉంచుకుంటారు, రోజూ పొద్దున చింతపండుతో తోముతారు. మా ఇంట్లో సబ్బు మొహం చూడని పాత్ర అదొక్కటే. చింతపండుతో తోమిన రాగి ఎర్రగా తళతళలాడుతోంది. దాని నిండా ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళల్లో గొడుగు.

పక్కన అత్తగారు నిలబడి ఉన్నారు. కొంగు తడిసిపోయింది, మోచేతుల దాకా ఉప్పునీళ్ళు కారుతున్నాయి. చేపల నీళ్ళు ఒక్క చుక్క మీద పడితే స్నానం చేసే మనిషి. మొహంలో ఎంత సంతోషమో. నన్ను చూడగానే అలవాటు ప్రకారం కూతురి వైపు తిరిగి చెప్పారు.

"టబ్బు కారిపోతా ఉండాదే. ఆ పావం గొడుగు సగం బయటపడి ఎండతా ఉండాది. వాళ్ళ చేతుల్లో చూస్తే అంత బరువు, ఎట్ట పిలిచేది? అందుకని నేనే నా అండాలోకి మార్చినాను. ఇది ఎప్పుడూ సబ్బు చూసింది కాదని చెప్పు ఆయనకి."

నా గొంతులోకి కేక వచ్చింది. ఎలా ఆపానో నాకు తెలియదు. ముందు గొడుగుని ఎత్తి కొత్త ఉప్పునీళ్ళున్న బకెట్లో ముంచాను, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఇంకో బకెట్లో ముంచాను. అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ రాగి నీళ్ళు ఒక్క చెంబెడు చేపల డ్రమ్ములోకి పోయినా రొయ్య పోయినట్టే. అది అడగడానికి తొట్టిలో చేపలు లేవు, మధ్యవర్తికి అర్థమయ్యేలా చెప్పే వ్యవధి లేదు. సూటిగా ఆమె మొహంలోకి చూసి అడిగాను.

"ఇందులో నీళ్ళు ఇంకెక్కడైనా పోసినారా?"

ఆమె బిత్తరపోయారు. ఆ తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, నాకే జవాబు చెప్పారు.

"లేదు నాయనా. ఎక్కడా పొయ్యలా. ఏమి, తప్పు చేస్తినా?"

గంగాళం ఎత్తి నీళ్ళు సింకులో గుమ్మరించి, దాన్ని దభీమని గట్టు మీద పెట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. ఆ సామెత నా కోసమే పుట్టించారేమో. ఆ దభీమనే చప్పుడుకి అత్తగారు ఉలిక్కిపడడం నేను చూశాను. అప్పుడు మా ఆవిడ ఆమెకి రాగి సంగతి చెప్పింది. చెప్పకపోయినా ఆ చప్పుడే అంతా చెప్పేసింది.

మధ్యాహ్నానికి తొట్టి మళ్ళీ తొట్టిలా అయింది. చేపలు బెదిరి రాళ్ళ చాటున దాక్కున్నాయి, రొయ్య మీసాలు ఆడిస్తోంది. అన్నీ బతికాయి. గొడుగు మాత్రం వేళ్ళన్నీ లోపలికి లాక్కుని, ముడుచుకుని, బోడిగుండులా కూర్చుంది. స్నేహితుడు ఫిల్టర్లో బొగ్గు సంచి వేశాడు, రాగి ఏమైనా మిగిలి ఉంటే అది పీల్చుకుంటుందని. పోయేముందు గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు. "ఈ జాతి పగడం ఇల్లు మారితేనే అలుగుతాదప్పా. ఇది అలకో, రాగి దెబ్బో ఇప్పుడు ఎవురూ చెప్పలేరు. కాచుకోవాల."

కాచుకున్నాం. గొడుగు తెరవలేదు. దాని మీద మైనంలాంటి పొర ఒకటి కమ్మింది, అంచు ఒక చోట నల్లబడింది. నేను పొద్దునా సాయంత్రం దాని ముందు కూర్చుని చూశాను. అత్తగారు ఆ పక్కకే రావడం మానేశారు. చేపలు ఆమె అడుగుల చప్పుడు విని అద్దం దగ్గరికి వచ్చి, ఎవరూ లేక వెనక్కి వెళ్ళేవి. హాల్లో మాట లేదు. నా కాఫీ రోజూ చల్లారిపోయేది, చెప్పే మనిషి లేరు. చల్లారిన కాఫీ తాగుతుంటే తెలిసింది, ఇన్నాళ్ళూ నేను సాయంత్రం ఇంటికి పరుగెత్తుకొచ్చింది గొడుగు కోసం ఒక్కటే కాదని.

ఒక సాయంత్రం మా ఆవిడ ఎర్రబడ్డ కళ్ళతో చెప్పింది. "అమ్మ తిరుత్తణిలో మామ దగ్గరికి పోతానంటా ఉండాది. ఆదివారం ఆయన వచ్చి తీసుకుపోతాడంట."

"ఎన్నాళ్ళకి?"

"ఇంక రానంటా ఉండాది. అసలే కూతురింట్లో అన్నం తింటా ఉండానని దానికి ఎప్పుడూ ఒక బాధ. ఇప్పుడేమో, ఆయన ప్రాణంగా పెంచుకున్నదాన్ని నా చేతులతో చంపినాను, ఏం మొహం పెట్టుకోని ఉండేది అంటాది."

"వద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు."

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నేను చెప్పను. మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు మోసింది చాలు. కావాలంటే మీరే చెప్పుకోండి."

చెబుదామనే అనుకున్నాను. ఆఫీసులో నలుగురి మీద అరవడం ఏమంత కష్టం కాదు. ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, పోవద్దండీ, మీరు ఉంటే నాకు బాగుంటుంది అని చెప్పడం ఎంత కష్టమో ఆ వారంలో తెలిసింది. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు రెండు సార్లు గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె కొంగు సర్దుకుని బాల్కనీలోకి తప్పుకున్నారు. నేను మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆదివారం అత్తగారి తమ్ముడు పొద్దుటి రైల్లో దిగాడు. మంచి మనిషి, అక్క మాటకి ఎదురు చెప్పడు. హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ, ఏం మాట్లాడాలో తెలియక ఎండల గురించి మాట్లాడుతున్నాడు. అత్తగారు సంచి పట్టుకుని వచ్చి గోడ వారన నిలబడ్డారు. గొడుగు ఇంకా ముడుచుకునే ఉంది. పోయే ముందు ఆమె చేపల వైపు తిరిగారు. అద్దం దగ్గరికి వచ్చాయి రెండూ.

"పోయొస్తానయ్యా. మీ అయ్యగారికి చెప్పండి, ఈ ముసలిదాన్ని మనసులో పెట్టుకోవద్దని."

నేను అక్కడే, ఆమెకి రెండడుగుల దూరంలో ఉన్నాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధం చెప్పను, మంచిగా మాట్లాడదామని దాచిపెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆ వంటింట్లో ఆపుకున్న కేక అప్పుడు బయటపడింది.

"అత్తయ్యా! ఈడ ఎవరు చచ్చినారని పోతా ఉండారు?"

అత్తగారి చేతిలో సంచి కింద పడింది. నేను ఆగలేదు.

"ఆ రోజు మీరు చెయ్యి పెట్టకపోయింటే అది ఆ టబ్బులోనే ఎండి చచ్చుండేది. చేపలంటే ముక్కు మూసుకునే మనిషి మీరు. మోచేతుల దాకా ముంచి దాన్ని ఎత్తినారు. మీరు తాగే నీళ్ళ అండా ఇచ్చినారు దానికి. నా సొంత మనుషులు ఎవరైనా చేసుంటారా ఆ పని? రాగి వద్దని నేను మీకు చెప్పినానా? చెప్పలేదు కదా! ఒక ఇంట్లో ఉంటా, ఒక మాట నేరుగా చెప్పుకోలేక, చేపలకి చెప్పుకుంటా బతికితిమి ఇద్దరం. పొరపాటు చేసినోళ్ళంతా ఇల్లు వదిలి పోవాలంటే ఈ ఇంట్లో ముందు పెట్టె సర్దుకోవాల్సింది నేను. ఎక్కడికీ పోయేది లేదు. కూర్చోండి!"

అత్తగారి తమ్ముడి కాఫీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"కూర్చోమంటా ఉండానా!"

నా ఎదుట ఉన్న కుర్చీని ఆమె చూశారు. కూతురిని చూశారు. తర్వాత మెల్లిగా వచ్చి, కొంగు ఒళ్ళో సర్దుకుని, ఆ కుర్చీలో కూర్చున్నారు. నా ఎదురుగా. నా కళ్ళల్లోకి చూస్తూ.

"అరవబాకండి నాయనా," అన్నారు. "బీపీ పెరుగుతాది."

నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ ముందే ఏడుస్తోంది. అత్తగారి తమ్ముడు మిగిలిన కాఫీ తాగేసి, మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం రైలుకి ఒక్కడే తిరుత్తణి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

గొడుగు ఆ రోజు తెరుచుకోలేదు. ఆ తర్వాత చాలా రోజులకి, ఆ మైనం పొర పల్చటి ప్లాస్టిక్ కాగితంలా ఊడి నీళ్ళలో తేలిపోయింది. అంచున నల్లబడిన ముక్క పోయింది, మిగిలినదంతా బతికింది. మొదటి వేళ్ళు బయటికి రావడం చూసింది అత్తగారే. నన్ను నిద్ర లేపి మరీ చూపించారు. అలకో రాగి దెబ్బో మాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆ పూట నాతో పాటు తొట్టి మోసిన స్నేహితుడికి, బిందెలిచ్చిన ఇరుగుపొరుగుకి, తపాలా మొయ్యనని మొండికేసిన మా ఆవిడకి నేను ఋణపడి ఉన్నాను. బీట వారిన ఆ టబ్బుకి కూడా.

మా అమ్మ పోయాక నన్ను తిట్టిన మనిషి లేరు. ఆఫీసులో భయపడతారు, ఇంట్లో సర్దుకుపోతారు. తిట్టే మనిషి లేకపోతే మనం ఎంత ఒంటరి అయిపోతామో మనకి తెలియదు. మొన్న ఆఫీసు నుంచి వచ్చి, అన్నానికి పిలిచినా పలకకుండా, తొట్టి ముందు కూర్చున్నాను. వంటింట్లోంచి అత్తగారు విసవిసా వచ్చారు. చేపల వైపు చూడనైనా చూడలేదు.

"ఎంతసేపు పిలిచేది? దాన్ని చూస్తా కూర్చుంటే కడుపు నిండతాదా? మాత్ర వేసుకోవాలని తెలీదా? ఇంత వయసొచ్చి, చిన్నపిల్లోడి మాదిరి. లేవండి!"

లేచి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాను. ఆమె ఇంకా తిడుతూనే అన్నం వడ్డించారు, తిడుతూనే నెయ్యి వేశారు, తిడుతూనే నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.